శుక్రవారం విచ్చుకునే గూళ్ళు

ఆ శనివారం సెనైదా వంటింట్లో రెండు పనులు ఒక్కసారే నడుస్తున్నాయి. కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలో క్రిస్మస్ తమాలెలు ఉడుకుతున్నాయి. గోడ నుంచి గోడకు కట్టిన నాలుగు తాళ్ళ మీద నూట అరవై రెండు సీతాకోకచిలుక గూళ్ళు, లేత పచ్చగా, తలకిందులుగా వేలాడుతున్నాయి.

నిజానికి ఆ గూళ్ళు ఉండాల్సింది పెరట్లోని వల గదిలో. శుక్రవారం మధ్యాహ్నం పట్టిన ముసురు ఎంతకీ విడవలేదు. సరపికీ నది ఒడ్డు దాటి పశువుల దొడ్ల దాకా వచ్చింది. అంత తడిలో వదిలేస్తే గూళ్ళకు బూజు పడుతుంది, లోపలి ప్రాణి లోపలే నల్లబడి పోతుంది. అందుకని సెనైదా, ఆమె భర్త ఎలాదియో కలిసి తాళ్ళు విప్పి, ప్లాస్టిక్ గుడ్డ కప్పి, పసిపిల్లల్ని తెచ్చినట్టు లోపలికి తెచ్చారు. ఇంట్లో పొడిగా ఉండే చోటు వంటిల్లు ఒక్కటే.

ప్రతి గూడుకీ ఒక రంగు దారం ఉంది. పురుగు మేత మానేసి గూడుగా మారిన రోజు మంగళవారమైతే పసుపు, బుధవారమైతే నీలం. పుస్తకంలో రాసుకోవడం సెనైదాకు పడదు. ఈ దారాల పద్ధతి ఎలాదియోది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అతను అరటితోటలో పనిచేశాడు. అక్కడ గెల వేసిన వారాన్ని బట్టి చెట్టుకు రంగు రిబ్బను కడతారు. ఏ రంగు గెల ఏ వారం కోతకొస్తుందో చూడగానే తెలిసిపోతుంది. నడుం పట్టేసి అతను పని మానేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతోనే ఈ వల గది కట్టారు. మగవాళ్ళు నవ్వారు. పురుగుల్ని మేపి దేశాలకు పంపుతుందట అని నవ్వినవాళ్ళే తర్వాత తమ పెళ్ళాలకు వలలు కొనిపెట్టారు.

ఇప్పుడు చుట్టుపక్కల తొమ్మిది మంది ఆడవాళ్ళు నీలి మోర్ఫో సీతాకోకల గూళ్ళు పెంచుతున్నారు. అందరివీ కొని విమానమెక్కించేది మరియేలోస్, అందరూ గౌరవంగా దోన్యా మరియేలోస్ అంటారు. ఆవిడ నవంబరులోనే కబురు చెప్పింది. చలిదేశాల్లో సీతాకోకలను చూపించే అద్దాల తోటలు ఆర్డర్లు తగ్గించాయి, జనవరి నుంచి నలుగురి దగ్గరే తీసుకుంటానని. క్రిస్మస్ వారం మంగళవారం నూట యాభై గూళ్ళు ఏ లోటూ లేకుండా ఇచ్చినవాళ్ళే ఆ నలుగురి పట్టీలో ఉంటారు.

ఆ పట్టీలో పేరు లేకపోతే ఏమవుతుందో సెనైదా కిటికీలోంచి చూస్తే చాలు కనిపిస్తుంది. మూడు వైపులా కంచె దాకా పైనాపిల్ తోటే. కంపెనీ మనిషి ఏడాదికి రెండుసార్లు వచ్చి, టోపీ తీసి, ఆ ఒక్క నేల ముక్కా ఎప్పుడమ్ముతారని మర్యాదగా అడిగి పోతాడు. పురుగులు తినే తీగలు, అవి పాకే చెట్లు, వల గది, అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి.

"ముసలీ, ఇంకెన్ని కట్టాలి?" అని అడిగాడు ఎలాదియో. అరిటాకులో మొక్కజొన్న ముద్ద, పంది మాంసం ముక్క, రెండు శనగలు పెట్టి మడిచి, రెండేసి కలిపి దారంతో కట్టడం అతని పని.

"నూట ఎనభై. అమ్మాయి పనిచేసే లాడ్జివాళ్ళకి అరవై, మీ చెల్లెళ్ళకి నలభై, మిగతావి నీకు."

"నాకు ఎనభైయ్యా? అయితే నెమ్మదిగా కడతాను."

డేగిసా ఒక్కటే కాబట్టి శని, ఆది, సోమ, మూడు రోజులూ పొయ్యి ఆరలేదు. వాన లోపలికి కొడుతోందని తలుపులు వేసే ఉంచారు. వంటింట్లో కూర్చుంటే చెమట పట్టేది. బయట చలిగాలిలో తడిసి వచ్చినవాళ్ళకు అది హాయిగానే ఉండేది.

*

మంగళవారం తెల్లవారగానే గూళ్ళను దూదిలో సర్దడానికి సెనైదా పెట్టె తెచ్చుకుంది. మొదటి దాన్ని విప్పి అరచేతిలో పెట్టుకుంది. అన్నిటికీ ఉన్నట్టే దీనికీ పసుపు దారం. అంటే ఏడో రోజు, విచ్చుకోవడానికి ఇంకో ఆరు రోజులుండాలి. ఏడో రోజు గూడు నున్నగా, గట్టిగా, లేత ద్రాక్షలా ఉండాలి. ఇదీ అలాగే ఉంది.

కానీ వేళ్ళు ఒప్పుకోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. రెక్కలుండే చోట పచ్చదనం కింద సన్నటి నీడ. పొగచూరిన గాజులాగా. ఇంకొకటి తీసింది. దానిలోనూ ఉంది. పొయ్యికి దగ్గరగా ఉన్న మూడు తాళ్ళ మీదివన్నీ చూసింది. తర్వాత ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది.

"తమాలెలు," అంది.

ఎలాదియో కాఫీ కప్పుతో వచ్చాడు. "ఏమయ్యాయి? పులిశాయా?"

"గూళ్ళని వండేశాం. మూడు రోజులు పొయ్యి పక్కన పెట్టాం. ముదిరిపోయాయి. దారం ఏడు రోజులంటోంది. లోపల పది రోజులున్నాయి."

అతను ఒకటి తీసి, కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి చూశాడు. "నాకేం తేడా కనిపించడం లేదు."

"నాకు కనిపిస్తోంది."

"అదే అంటున్నా. నీకొక్కదానికే కనిపిస్తోంది. మరియేలోస్ దారం చూసుకుంటుంది. పసుపు దారమే కదా కట్టావు, అబద్ధమేం కాదు. పంపెయ్."

"రేపు విమానం ఎక్కుతాయి. శుక్రవారానికి ఇంకా పెట్టెలోనే ఉంటాయి. శుక్రవారమే విచ్చుకుంటాయివి. దూది మధ్యలో రెక్కలు ఎక్కడ చాచుకుంటాయి? అలా మడతపడిపోయిన రెక్క మళ్ళీ తిన్నగా అవదు. పెట్టె తెరిచినవాళ్ళకి నూట ఇరవై అవిటివి కనిపిస్తాయి."

"కనిపిస్తే ఈ తొమ్మిది మందిలో ఎవరివో వాళ్ళకేం తెలుస్తుంది?"

సెనైదా అతని వంక చూసింది. "వేడెక్కువైన ఏడు సంగతి చెప్పు."

"ఏ ఏడు?"

"ప్రతి క్రిస్మస్‌కీ రెండో గ్లాసు రమ్ము దగ్గర చెప్తావే, ఆ ఏడు. తోటలో రిబ్బను రంగు ఇంకా రాలేదని మేస్త్రీ కోతకి ఒప్పుకోలేదు. నువ్వు కొలత పట్టుకుని గెల చూశావు. ఎండలకి వారం ముందే నిండిపోయాయి, ఇవి రేపు కోసినా ఓడలో పండిపోతాయి, ఓడెక్కించకుండా వదిలెయ్యమన్నావు. వాడు వినకుండా రంగు వచ్చిన వారమే కోయించి ఓడెక్కించాడు. తర్వాత ఏమైంది?"

ఎలాదియో కాఫీ తాగాడు. అవతలి రేవులో ఓడ తలుపు తీస్తే వాసన ఊరంతా కొట్టిందని అతను చెప్పనక్కర్లేదు. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

"ఆ మేస్త్రీని ఇప్పటికీ తిడతావు," అంది సెనైదా.

"వాడు గాడిద కాబట్టి."

"నన్నూ గాడిదని చేస్తావా మరి?"

అతను కప్పు కింద పెట్టాడు. కిటికీ పక్కన, పొయ్యికి దూరంగా ఉన్న నాలుగో తాడు దగ్గరికి వెళ్ళి, "వీటికి నీడ ఉందా?" అని అడిగాడు.

ఒక్కొక్కటే చూశారు. నలభై ఒకటి బాగున్నాయి.

*

నలభై ఒక్క గూళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని సెనైదా బస్సెక్కింది. ముదిరినవాటిలో మూడింటిని వేరే డబ్బాలో తెచ్చింది. మరియేలోస్ షెడ్డులో అప్పటికే ఐదుగురు వరసలో ఉన్నారు. ముందున్న లిదియెత్ వెనక్కి తిరిగి పెట్టె వంక చూసింది.

"అంత చిన్న పెట్టెలో నూట యాభై ఎలా పట్టాయి, సెనైదా?"

"పట్టలేదు. నలభై ఒకటే ఉన్నాయి."

"అయ్యో, మిగతావి?"

"తమాలెల పొయ్యి దగ్గర పెట్టి పాడుచేసుకున్నాను."

లిదియెత్ పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు. "కూరినవి పంది మాంసమా, మోర్ఫోనా? మాకూ నాలుగు పంపు, రుచి చూస్తాం." వరసంతా నవ్వింది. సెనైదా కూడా కొంచెం నవ్వింది. నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేలా ఉంది.

దోన్యా మరియేలోస్ ఒకప్పుడు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. ఇప్పటికీ కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని, తప్పు చేసిన పిల్లని చూసినట్టు చూస్తుంది. సెనైదా చెప్పిందంతా విన్నది. డబ్బాలోని మూడు గూళ్ళనూ దీపం కింద పెట్టి, భూతద్దంతో చూసింది.

"దోన్యా సెనైదా, వీటిలో నాకేమీ కనబడటం లేదు. ఇవి మీరు తెచ్చి ఉంటే తీసుకునేదాన్ని."

"తెలుసండీ."

"నూట యాభై ఇవ్వాల్సిన రోజని కూడా తెలుసు కదా?"

"తెలుసు."

"మీరు పొరబడ్డారేమో. నూట ఇరవై ఒకటి ఊరికే పక్కన పెట్టేశారేమో."

సెనైదా చెవులు వేడెక్కాయి. గూళ్ళు పెంచిన ఈ పదహారేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. "శుక్రవారం పొద్దున్న, తొమ్మిదిలోపు విచ్చుకుంటాయి. వచ్చి చూసుకోండి. తమాలెలు కూడా మిగిలే ఉంటాయి."

మరియేలోస్ కాగితం మీద నలభై ఒకటి అని రాసింది.

*

గురువారం వాళ్ళమ్మాయి యొర్లెనీ ఫోను చేసింది. నది అవతలి లాడ్జిలో గైడు పని ఆ పిల్లది. పక్షుల పేర్లు నాలుగు భాషల్లో చెబుతుంది.

"అమ్మా, అడవి లోపలి వేలాడే వంతెన మూసేశారు. అడవిలో దార్లన్నీ బురద. ఎనిమిది మంది టూరిస్టులు మూడు రోజుల్నుంచి వరండాలో కూర్చుని నా మొహమే చూస్తున్నారు. రేపు రోడ్డు వంతెన మీదుగా తీసుకురానా?"

"ఎక్కడికి?"

"మన వంటింటికి."

"పిచ్చిదానా, వంటింట్లో మీ నాన్న లాగులు ఆరేసున్నాయి."

"తీసెయ్. లేకపోతే ఉండనీ, అదీ చూస్తారు."

శుక్రవారం ఏడున్నరకల్లా వానకోట్లు వేసుకున్న ఎనిమిది మంది, బూట్లు గుమ్మం బయట విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చారు. సెనైదా ముందురోజు నేల రెండుసార్లు తుడిచింది, తాళ్ళు ఒకదానికొకటి దూరంగా జరిపింది. గూళ్ళన్నీ ఇప్పుడు, విచ్చుకునే ముందు మారినట్టే, నల్లబడి, పల్చటి పొర కింద రెక్కల నీలం మసకగా కనిపిస్తోంది. యొర్లెనీ గొంతు తగ్గించి వాళ్ళకు చెబుతోంది. ఎలాదియో మంచి చొక్కా వేసుకుని అందరికీ కాఫీ పోశాడు.

ఎనిమిదయింది. ఏమీ కదల్లేదు. ఎనిమిదింబావుకి బురదకొట్టుకున్న జీపు ఒకటి గేటు దగ్గర ఆగింది. దోన్యా మరియేలోస్ దిగి, చెప్పులు దులిపి, గోడకు ఆనుకుని నిలబడింది. చేతి గడియారం వంక ఒకసారి చూసింది. సెనైదా అది చూసింది.

ఎనిమిదిన్నర. ఎనిమిది ముప్ఫై ఐదు.

"వీళ్ళ ముందు సిగ్గుపడుతున్నాయేమో," అన్నాడు ఎలాదియో మెల్లగా.

"నోరుముయ్యి, ముసలోడా."

ఎనిమిది నలభైకి ఎండుటాకు మీద గోరు గీసినట్టు ఒక చిన్న చప్పుడయింది. మొదటి తాడు మీద ఒక గూడు కింద నుంచి చీలింది. ముందు కాళ్ళు వచ్చాయి, తర్వాత తల, తర్వాత తడిసిన గుడ్డ పీలిక లాంటి రెక్కలు. అది తన ఖాళీ గూటినే పట్టుకుని వేలాడింది. దాని పక్కది చీలింది. తర్వాత అటు చివర. ఆ తర్వాత లెక్కపెట్టడం ఎవరివల్లా కాలేదు. వంటిల్లంతా ఆ చిన్న చప్పుళ్ళే. పీలికల్లా ఉన్న రెక్కలు చూస్తుండగానే నిండాయి, సాగాయి, ఒక్కొక్కటి అరచేతి అంత అయింది. పైకి కనిపించే వైపు గోధుమరంగు, దాని మీద కళ్ళలాంటి చుక్కలు. నీలం ఇంకా లోపలే దాచుకుని ఉన్నాయి.

మరియేలోస్ నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "తొమ్మిదికి పది నిమిషాలు," అంది, తనలో తనే.

"ఇవి ఈపాటికి విమానం దిగి పెట్టెలో ఉండేవి," అంది సెనైదా.

"ఉండేవి. నా పేరు ఆ పెట్టె మీద ఉండేది." మరియేలోస్ తాడుకు దగ్గరగా వచ్చింది. "నాకు కనిపించలేదు, దోన్యా సెనైదా. భూతద్దం పెట్టి కూడా కనిపించలేదు."

"మూడు రోజులు పొయ్యి పక్కన పెట్టింది నేనండీ. తప్పు నాదే."

"అవును మీదే. అందుకే జనవరి పట్టీలో మీకు నూట యాభై కాదు, వంద. మాట ప్రకారం పూర్తిగా ఇచ్చినవాళ్ళ ముందు నేను తల దించుకోలేను." ఎలాదియో కాఫీ కూజా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. పట్టీలో పేరుందన్న మాట అతనికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమయింది. "ఇంకొకటి," అంది మరియేలోస్. "మంగళవారాలు ఒక గంట ముందు రండి. నా పక్కన కూర్చోండి. అందరి గూళ్ళూ మీ చేతి మీదుగా వెళ్ళాలి. దానికి వేరే డబ్బిస్తాను."

"లిదియెత్‌వి కూడానా?"

"ముందు ఆవిడవే."

సెనైదా పొయ్యి వైపు తిరిగింది. అక్కడ సర్దడానికేం లేకపోయినా గరిటె తీసి ఇటునుంచి అటు పెట్టింది. తిరిగినప్పుడు మొహం మామూలుగా ఉంది. "తమాలె తింటారా?" అని అడిగింది.

"రెండు," అంది మరియేలోస్.

పదవుతుండగా మొదటిది ఎగిరింది. దాని వెనక ఇంకో పది. నీలం తెరుచుకుంది. సెనైదా వల గదిలో ఎప్పుడూ పాతిక, ముప్ఫై ఎగరడం చూసేది, గుడ్లు పెట్టడానికి ఉంచుకున్నవి. పంపించేవి ఎప్పుడూ గూళ్ళుగానే చేయి దాటిపోయేవి. పదహారేళ్ళలో వేలకొద్దీ వెళ్ళాయి. అవి విచ్చుకున్నప్పుడు ఎలా ఉంటాయో ఇప్పుడు డేగిసా మీద, రేకుల కప్పు కింద, ఎలాదియో టోపీ చుట్టూ చూస్తోంది. అతను కదలకుండా, నవ్వకుండా, పరేడ్‌లో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

టూరిస్టుల్లో పొడుగాటి కుర్రాడొకడు ఏదో అడిగాడు. యొర్లెనీ తండ్రికి చెప్పింది: "నాన్నా, అరటి, పైనాపిల్, కాఫీ, చివరికి సీతాకోకలు కూడా బయటికే పంపేస్తే మీకేం మిగులుతుంది అంటున్నాడు."

ఎలాదియో ఆ కుర్రాడి వైపు తిరిగాడు. "ఏది ఏ రోజు పంపాలో తెలిసినవాళ్ళం మిగులుతామని చెప్పు. ఇంత చిన్న దేశం, పటంలో వేలు పెడితే మూసుకుపోతుంది. మా అరటిపండు తినని ఊరుందేమో అడుగు." తర్వాత టోపీ సర్దుకున్నాడు. "తమాలెలు మాత్రం బయటికి పంపం అని చెప్పు. అందుకు వాళ్ళే రావాలి."

యొర్లెనీ చెబుతుంటే అందరూ నవ్వారు. ఒక ముసలావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ నెరిసిన జుట్టు మీద ఒక మోర్ఫో వాలి, రెక్కలు నెమ్మదిగా మూసి తెరుస్తోంది. ఆవిడ కదలకుండానే, దాన్ని చెదరగొట్టకుండా, మెల్లగా యొర్లెనీతో మాట్లాడింది.

"అమ్మా, వీళ్ళ ఊళ్ళో ఒక అద్దాల తోట ఉందట," అంది యొర్లెనీ. "బయట మోకాలి దాకా మంచు ఉన్నప్పుడు మనవరాలిని తీసుకుని అక్కడికి వెళ్తుందట. ఈ నీలం సీతాకోకని అక్కడే మొదటిసారి చూసిందట. గూళ్ళు పెట్టెలో దూరదేశం నుంచి వస్తాయని బల్ల మీద రాసి ఉంటుందట. ఇక్కడి నుంచేనా అని అడుగుతోంది."

ఎవరి పెట్టె ఎక్కడికి పోతుందో సెనైదాకు ఎప్పుడూ తెలియదు. మరియేలోస్ వైపు చూసింది. మరియేలోస్ నోట్లో తమాలె ఉండగానే, ఆ ఊరి పేరు యొర్లెనీతో మళ్ళీ చెప్పించుకుని, తలూపింది. "మనవే."

సెనైదా చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుని ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. అడగాలనుకున్నవి చాలా ఉండవచ్చు. ఆమె ఒకటే అడిగింది.

"అక్కడ విచ్చుకున్నప్పుడు, రెక్కలు తిన్నగా ఉంటున్నాయా?"

యొర్లెనీ చెప్పింది. ముసలావిడ రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు పూర్తిగా చాచి, అరచేతులు తెరిచి చూపించింది. ఒక్క వేలు కూడా వంగలేదు.

సెనైదా తలూపింది. ఆ తర్వాత కిటికీలు, తలుపులు బార్లా తెరవమని ఎలాదియోతో చెప్పింది. వాన తెరిపిచ్చింది. గుడ్ల కోసం ముప్ఫై వల గదికి, మిగతావన్నీ ఎటు వెళితే అటు. పైనాపిల్ తోట మీదుగా అవి నది అవతలి అడవి వైపు పోతుంటే, యొర్లెనీ వెనక టూరిస్టులు మేజోళ్ళతోనే బురదలోకి దిగారు.

సెనైదా వల గదికి వెళ్ళింది. తీగల కింద మూడు పురుగులు పొద్దున్నే మేత మానేసి గూళ్ళుగా మారి ఉన్నాయి. జేబులోంచి దారపుండ తీసింది. శుక్రవారానికి తెల్ల దారం.